తెరమీది గానగోష్ఠి



నేడు మీకొక వింత సభను గూర్చి చెప్పదలచితిని. ఆ సభలో వాద్యములు వాయించినవారు మా యెదుట లేరు. వారికిని మాకును నడుమ సుమారు 900 కిలోమీటర్ల దూరము. అయినను వారు వాయించి ముగించిన ప్రతి పర్యాయము మేము చప్పట్లు కొట్టితిమి. ఆ చప్పట్లు వారికి వినబడవని మాకు తెలియును. వినబడని చప్పట్లు కొట్టుట వివేకమా యని మీరడుగవచ్చును. నేనును మొదట ఆ ప్రశ్ననే వేసితిని. దానికి నాకు దొరకిన సమాధానమే ఈనాటి ప్రసంగము.

నేను భాషాప్రవీణ చదివి, ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడనుగా బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. మా అమ్మాయియు అల్లుడును హాలండు దేశమున ఐండ్‌హోవెన్ అను పట్టణములో ఉద్యోగములు చేయుచున్నారు. చిప్పులు తయారుచేయు గొప్ప యంత్రముల పరిశ్రమ ఆ ప్రాంతమున నుండుటచేత మన తెలుగు పిల్లలు పెక్కుమంది అచ్చట స్థిరపడిరి. 2024వ సంవత్సరము చివర నేనును నా సహధర్మచారిణియు వారి యింటికి వెళ్లితిమి. క్రొత్త సంవత్సరము మొదటి దినమున, అనగా 2025 జనవరి 1వ తేదీ ఉదయమున, అమ్మాయి వచ్చి, "నాన్నగారూ, వియన్నా నగరములో జరుగు సంగీత సభను మన ఊరి సినిమాహాలులో చూపించెదరు, టిక్కెట్లు తీసికొంటిని, బయలుదేరుడు" అనినది.

నాకు నచ్చలేదు. "అమ్మా, తెరమీద వడ్డించిన విందు కడుపు నింపునా? పాడువారు ఒకచోట, వినువారు వేరొకచోట నుండగా దానిని సభ యని ఎట్లనవలెను?" అంటిని. పదేండ్ల మా మనుమడు, "తాతగారూ, మీరు రేడియోలో మాటాడునప్పుడు మీరొకచోట, వినువారొకచోట కాదా?" అని యడిగెను. పండితుడు పసివానికి సమాధానము చెప్పలేకపోయినప్పుడు చేయదగిన పని యొక్కటే. చెప్పులు తొడుగుకొని బయలుదేరితిని.

ఆ హాలు పెద్దది కాదు. మెత్తని కుర్చీలు, ఎదుట గోడంత తెర. వచ్చినవారిలో తల నెరసినవారే హెచ్చు. కొందరు పండుగకు వలె మంచి దుస్తులు ధరించి వచ్చిరి. మామూలు సినిమాకు వచ్చినవారివలె పేలాల పొట్లము పట్టుకొన్నవారు ఒక్కరును కనబడలేదు. అది చూచి, వీరు చూచుటకు గాక వినుటకు వచ్చిరని గ్రహించితిని. ఉదయము 11 గంటల 15 నిమిషములకు తెర వెలిగినది. మన దేశమున అప్పుడు మధ్యాహ్నము 3 గంటల 45 నిమిషములు.

ఇక ఆ సభ యెట్టిదో చెప్పెదను. వియన్నా ఆస్ట్రియా దేశపు రాజధాని. అచ్చటి ఫిల్‌హార్మోనిక్ అను వాద్యబృందము 1842లో ఏర్పడినది. ప్రతి సంవత్సరాదినాడు ఈ బృందము ఒక సభ జరుపును. దానిలో ముఖ్యముగా వాయించునవి ఆ నగరవాసులైన ష్ట్రౌస్ కుటుంబమువారి రచనలు. తండ్రి యోహాన్ ష్ట్రౌస్. ఆయన కుమారులు యోహాన్, యోసెఫ్, ఎడువార్డ్ అనువారు. తండ్రిపేరే పెట్టుకొన్న పెద్ద కుమారుడు 1825లో జన్మించెను గనుక, నేను చూచిన సభ ఆయన ద్విశతజయంతి వత్సరమున జరిగినదయ్యెను. వీరి కుటుంబము నాట్యమునకు పనికివచ్చు సంగీతమును వ్రాసి, వాయించి లోకప్రసిద్ధి పొందినది.

ఈ సంప్రదాయము పుట్టిన కాలము మాత్రము మంగళకరమైనది కాదు. మొదటి సభ 1939 డిసెంబరు 31వ తేదీన జరిగినది. అప్పటికి ఆస్ట్రియాను హిట్లరు ప్రభుత్వము తనలో కలుపుకొనియుండెను. యూదులైన వాద్యకారులను బృందమునుండి వెళ్లగొట్టిరి. ఆ మొదటి సభకు వచ్చిన ధనము ఆ ప్రభుత్వపు యుద్ధకాల నిధికే చేరినది. నేడు దేశదేశముల జనులు ఆనందముతో వినునది పుట్టినది అట్టి చీకటిలోనే. ఈ మాట దాచి సంగీతమును మాత్రమే పొగడుట ఉపాధ్యాయునకు తగదు. మరియొక సంగతియు నున్నది. ఈ బృందము 1997వ సంవత్సరము వరకు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనలేదు. నేను చూచిన 2025వ సంవత్సరపు సభలోనే మొట్టమొదటి సారిగా ఒక స్త్రీ రచించిన కృతిని వాయించిరి. ఆమె పేరు కాన్‌స్టాంజె గైగర్. మంచి సంప్రదాయమైనను తన లోపములను దిద్దుకొనుచు నడువవలసినదేయని దీనివలన తెలియుచున్నది.

సభ జరుగు భవనమునకు మూసిక్‌ఫెరైన్ అని పేరు. 1870లో ప్రారంభమైనది. దానిలోని పెద్దశాలను స్వర్ణశాల యందురు. గోడల వెంబడి బంగారు పూతగల స్త్రీవిగ్రహములు కప్పును మోయుచున్నట్లు నిలిచియుండును. పొడవు సుమారు 49 మీటర్లు, వెడల్పు 19 మీటర్లు, ఎత్తు 18 మీటర్లు. పొడవుగా, సన్నముగా, ఎత్తుగా నుండుటచేత ధ్వని పక్కగోడలకు తగిలి శ్రోతల చెవికి రెండువైపులనుండి చేరును. నేలపలకల క్రింద బోలుగా నుండును. పైకప్పు పలకలు దూలములనుండి వ్రేలాడును. అందుచేత శాలయంతయు ఒక పెద్ద వీణకుండవలె మ్రోగునని చెప్పుదురు. మన దేవాలయములలో మండపమున నిలిచి పాడినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. రాతిస్తంభముల నడుమ సామాన్యుని కంఠము కూడ గంభీరమగును గదా. ఆ శాలలో పట్టువారు నిలుచువారితో కూడ సుమారు రెండువేలమంది. చూడగోరువారు లోకమంతట నున్నారు. అందుచేత పేర్లు వ్రాసికొని చీట్లు తీసి టిక్కెట్లు ఇత్తురు.

వాద్యబృందమనగా నేమో మన గ్రామములవారికి కొంత విపులముగా చెప్పవలెను. మన కచేరీలో గాయకుడొకడు, ఫిడేలొకటి, మృదంగమొకటి, తంబురా యొకటి. హెచ్చైన ఘటమో కంజిరయో చేరును. అచ్చట వేదికమీద పదులకొలది వాద్యకారులుందురు. వారు నాలుగు తెగలు. మొదటి తెగ తంత్రీవాద్యములు: మన మెరిగిన ఫిడేలు, దానికంటె కొంచెము పెద్దదైన వయోలా, మోకాళ్ల నడుమ నిలుపుకొని వాయించు చెల్లో, మనిషియెత్తు మించిన డబుల్‌బాస్. రెండవది ఊదు వాద్యములలో మెత్తనివి: పిల్లనగ్రోవి, క్లారినెట్టు, సన్నాయి పీకవంటి పీకగల ఓబో, దానికి పెద్దన్నయైన బసూన్. మూడవది ఇత్తడి వాద్యములు: కొమ్ములు, ట్రంపెట్టులు మొదలగునవి. నాలుగవది కొట్టు వాద్యములు: రాగి నగారాలు, చిన్న డోళ్లు, పెద్ద తాళములు.

సభారంభమునకు ముందు ఓబో వాయించునాతడు ఒక్క స్వరమును నిలిపి ఊదును. తక్కిన వారందరు తమ వాద్యములను దానికి సరిచేసికొందురు. అది మన శ్రుతి చేసికొనుటయే. ఇంతవరకు వారికిని మనకును భేదము లేదు. భేదము తరువాత వచ్చును. మన సంగీతమున రాగమను ఒక్క మార్గమున స్వరము వెంట స్వరము నడచును. అందరు ఆ మార్గమునే అనుసరింతురు. వారి సంగీతమున ఒకే క్షణమున పెక్కు స్వరములు కలిసి మ్రోగును. ఫిడేళ్లు ఒక పాట పాడుచుండగా, కొమ్ములు క్రింద వేరొక స్వరమును నిలుపును. పిల్లనగ్రోవి మధ్యలో ఇంకొక మాట అందుకొనును. మొదట వినువారికి అది గందరగోళముగా తోచును.

నాకు మా ఊరి రథోత్సవము జ్ఞాపకము వచ్చి ఈ చిక్కు విడిపోయినది. రథము కదలునప్పుడు కొందరు మోకులు పట్టి లాగుదురు. కొందరు వెనుకనుండి త్రోయుదురు. కొందరు చక్రములకు అడ్డుదుంగలు వేసి వంకర పోకుండ చూతురు. పైన నుండువారు గొడుగు పట్టుదురు. ఒకరి పని యొకరు చేయరు, కాని నడచునది ఒక్క రథమే. రథమునకు ముందు, జనమునకు ఎదురుగా నిలిచి, చేతిలోని గుడ్డ యూపుచు "లాగుడు, ఆగుడు" అని సంజ్ఞ చేయువాడొకడుండును. అతడు మోకు పట్టడు. అయినను అతడు లేనిచో రథము వీథి మలుపు తిరుగదు.

వాద్యబృందమునకు ఎదురుగా నిలిచి చిన్న కర్రతో సంజ్ఞలు చేయువాడును అట్టివాడే. అతనిని కండక్టరు అందురు. ఆ మాట వినగానే మనకు బస్సు జ్ఞాపకము వచ్చును గాని, ఇతడు టిక్కెట్లిచ్చువాడు కాడు; గోష్ఠీనాయకుడు. వేగమెంత, బిగ్గరయెంత, ఎవరెప్పుడు అందుకొనవలెను అను విషయములు అతని చేతిలోను కన్నులలోను ఉండును. ఈ సభకు 1955 మొదలు 1979 వరకు విలీ బోస్కోవ్‌స్కీ అను ఒక్కరే నాయకుడు. 1987 మొదలు ఏటేటికి నాయకుని మార్చుచున్నారు. మన బొంబాయిలో 1936లో జన్మించి, వియన్నాలోనే విద్య నేర్చిన జుబిన్ మెహతాగారు ఐదు పర్యాయములు, 1990, 1995, 1998, 2007, 2015 సంవత్సరములలో, ఈ గౌరవము పొందిరి. నేను చూచిన సభకు నాయకుడు ఇటలీ దేశీయుడైన రికార్డో ముతి. ఆయనకది ఏడవ పర్యాయము.

ఇక వారు వాయించినది చాలవరకు వాల్జు అను నాట్యగతి. దానిని గుర్తించుట సులభము. మూడేసి దెబ్బలు, మొదటిది బరువు, తక్కిన రెండు తేలిక. మన తిశ్రగతిలో "తకిట తకిట" యని తొడమీద తట్టుకొనినచో వాల్జు చేతికి చిక్కును. కాని వియన్నావారు రెండవ దెబ్బను రవంత ముందుగా వేయుదురు. ఆ రవంతలోనే ఆ ఊరి వాలకమున్నది. దానిని కాగితముమీద వ్రాయలేరు. వినిన చెవికే తెలియును. మన గమకములును అట్టివే కదా!

ఆ దినమున వాయించిన వానిలో నాకు మిక్కిలి నచ్చినది యోసెఫ్ ష్ట్రౌస్ 1864లో వ్రాసిన "ఆస్ట్రియా పల్లెల వానకోయిలలు" అను వాల్జు. చూరుక్రింద మట్టితో గూడు కట్టుకొను ఆ చిన్న పిట్టను మీరందరు చూచినవారే. వాద్యముల నడుమ పిట్టకూతను పోలిన సన్నని కిచకిచ వినబడినది. నా ప్రక్కన కూర్చున్న నా సహధర్మచారిణి, సంగీతశాస్త్రము ఒక్క ముక్కయు చదువనిది, నా మోచేయి తట్టి, "పిట్టలు" అనినది. ఎవరును చెప్పలేదు. ఆ పేరు కూడ ఆమెకు తెలియదు. దేశము మారినను చూరు మారినను పిట్ట పిట్టయే.

ఇంతకు ఆ ధ్వని మాకెట్లు చేరినది? స్వర్ణశాలలో వాద్యములపైన సన్నని మైకులు వ్రేలాడదీయుదురు. పూలగుత్తుల చాటునను స్తంభముల చాటునను కెమెరాలు అమర్చుదురు. ఆ ధ్వనియు దృశ్యమును అంకెలుగా మారి, భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నుండు ఉపగ్రహమువరకు పోయి, మరల క్రిందికి దిగి దూరదేశములను చేరును. పోయి వచ్చుటకే సెకనులో దాదాపు నాలుగవ వంతు పట్టును. యంత్రముల పనికి ఇంకను కొంత. సినిమాహాలులో ధ్వని ఎదుటినుండియేకాక ప్రక్కలనుండియు వెనుకనుండియు వచ్చునట్లు పెట్టెలు అమర్చియుండుటచేత, శాల నడుమ కూర్చున్నట్లే తోచును.

ఇది నిన్న మొన్నటి కోరిక కాదు. 1881లో పారిస్ నగరపు విద్యుత్ప్రదర్శనములో క్లెమాఁ ఆదేర్ అను ఇంజనీరు నాటకశాలనుండి తీగలు లాగి, గానమును టెలిఫోను ద్వారా దూరమున నున్నవారికి వినిపించెను. తరువాత రేడియో వచ్చినది. 2006 డిసెంబరులో న్యూయార్కు మెట్రొపాలిటన్ ఒపెరావారు తమ గాననాటకములను జరుగుచుండగానే సినిమాహాళ్లకు పంపుట ప్రారంభించిరి. ఆ మార్గముననే నేడు పలు సభలు ఊరూర తెరలమీద కనబడుచున్నవి. తెరవలన ఒక లాభము కూడ నున్నది. శాలలో వెనుక వరుసవానికి నాయకుని వీపు మాత్రమే కనబడును. మాకు ఆయన ముఖము, కనుబొమ్మల సంజ్ఞ, నగారా వాయించువాడు తన వంతుకై లెక్కపెట్టుకొనుచు కాచుకొనియుండుట, అన్నియు కనబడినవి.

కాని నా ప్రశ్న అట్లే నిలిచియుండెను. ఒక్కొక్క కృతి ముగియగానే మా హాలులోనివారు చప్పట్లు కొట్టుచుండిరి. గోడకు చెప్పినట్లు తెరకు చప్పట్లేమి? నేను చేతులు ముడుచుకొని కూర్చుంటిని.

సభ చివర రెండు ఆచారములున్నవి. మొదటిది "నీలి డాన్యూబు" అను వాల్జు. డాన్యూబు వియన్నా మీదుగా ప్రవహించు మహానది. 1866లో ఆస్ట్రియా యుద్ధమున ఓడి జనులు క్రుంగియున్న కాలము తరువాత, 1867లో, కుమార ష్ట్రౌస్ దీనిని రచించి వినిపించెను. దీనిని ఎత్తుకొనగానే శ్రోతలు చప్పట్లతో ఆపుదురు. నాయకుడు వెనుదిరిగి, బృందముతో కలిసి అందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పి, మరల మొదటినుండి వాయింపజేయును. రెండవది తండ్రి ష్ట్రౌస్ 1848లో ఒక సేనానిపేర వ్రాసిన "రాడెట్స్కీ మార్చి". దీనికి శ్రోతలే తాళము వేయుదురు. నాయకుడు బృందమునకు వీపు త్రిప్పి, శ్రోతలవైపు చేయి సాచి, ఇచ్చట మెల్లగా, ఇచ్చట బిగ్గరగా అని వారినే నడిపించును. శ్రోతలు కూడ ఒక వాద్యమగుదురు.

ఆ మార్చి మొదలు కాగానే మా హాలులోని వారందరు నిటారుగా కూర్చుండిరి. తెరమీద చేయి దిగగా మా హాలులో చప్పట్లు దిగినవి. చేయి లేవగా లేచినవి. నా ప్రక్క నున్న ఒక వృద్ధురాలు, ఊరు పేరు తెలియని డచ్చి ముసలమ్మ, ముడిచియున్న నా చేతులవైపు చూచి నవ్వి, తన చేతులతో ఇట్లు కొట్టవలెనని చూపినది. నేను బడిపిల్లవానివలె కొట్టితిని.

అప్పుడే మా అల్లుడు మెల్లగా, "మామయ్యగారూ, 2021లో ఈ శాల ఖాళీగా నుండెను. ఆనాడు కూడ నాయకుడు ఈయనయే" అనెను. ఇంటికి వచ్చిన తరువాత ఆ సభ చిత్రమును చూపించెను. కరోనా వ్యాధి ప్రబలియున్న కాలమగుటచేత శ్రోతలను రానీయలేదు. అదే బంగారుశాల, అవే పూలు, అదే బృందము. కుర్చీలు మాత్రము శూన్యము. కృతి ముగిసిన తరువాత నిశ్శబ్దము. రాడెట్స్కీ మార్చిని వాయించిరి గాని తాళము వేయువారు లేరు. ఒక్క స్వరము తప్పిపోలేదు. అయినను ఏదో తీసివేసినట్లుండెను. నానాదేశముల శ్రోతలు తమ ఇండ్లలో కూర్చుండి కొట్టిన చప్పట్లను యంత్రముల ద్వారా తెచ్చి సభ నడుమను చివరను శాలలో వినిపించిరి. లోకప్రసిద్ధులైన ఆ వాద్యకారులకు కూడ ఆ చప్పట్లు కావలసివచ్చినవి.

మన శాస్త్రకారులు ఈ సంగతి ఎరుగనివారు కారు. నాట్యశాస్త్రమున భరతముని నటుని లక్షణములతో పాటు ప్రేక్షకుని లక్షణములను కూడ చెప్పెను. దానికి వ్యాఖ్య వ్రాసిన అభినవగుప్తుడు, సామాజికులందరి మనస్సులు ఒక్కటై కరడుకట్టినప్పుడు రసము మరింత పుష్టి పొందునని వివరించెను. ఈ వాక్యమును నేను విద్యార్థులకు ఎన్నియో మారులు బోధించితిని. పరదేశపు సినిమాహాలులో ఒక ముసలమ్మ చేతులు చూచిన దినమున గాని నాకది అర్థము కాలేదు. మా చప్పట్లు వియన్నా చేరలేదు, నిజమే. కాని అవి నా ప్రక్కవారికి చేరినవి. వారివి నాకు చేరినవి. వాద్యకారులను తెర తెచ్చినది. సభను తెర తేలేదు. కూడి కూర్చున్న మేము చేసికొంటిమి.

ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకొనవలెను. మా ఊరి రామాలయములో శనివారపు భజనగోష్ఠి నా చిన్ననాటినుండి జరుగుచుండెను. నేను తాళములు వేయువాడను. 2020లో వ్యాధి వచ్చి గోష్ఠి ఆగినది. వ్యాధి పోయినది గాని గోష్ఠి రాలేదు. ఒకరినొకరు పిలుచుకొనుట మానితిమి. ఎవరి యింట వారు, ఎవరి ఫోనులో వారు, తమకు నచ్చిన కీర్తనలు వినుచుండిరి. ఫోనులో పాడువారు మాకంటె వేయిమడుగులు బాగుగా పాడుదురు. కావున లోటేమియు లేదనుకొంటిమి. మా మద్దెల వాయించు పెద్దాయన మాత్రము నన్ను వీథిలో చూచినప్పుడు రెండుమారులు, "మాస్టారూ, శనివారము మరల ఎప్పుడండీ?" అని యడిగెను. "చూతము లెండి" అంటిని. రెండుమారులును అదే మాట. 2023లో ఆయన కాలము చేసెను. ఆ మద్దెల వారి యింటి అటకమీద నున్నది. ఖాళీ కుర్చీల యెదుట వాయించుచున్న ఆ బృందమును చూచునప్పుడు నాకు కనబడినది వియన్నా కాదు. మా రామాలయపు అరుగు.

మేము తిరిగి వచ్చునప్పటికి పుష్య బహుళ పంచమి దగ్గరపడినది. అది త్యాగరాజస్వామి ఆరాధన దినము. 1847లో ఆయన సిద్ధిపొందిన తిరువయ్యారులో, కావేరి యొడ్డున, నానాప్రాంతముల గాయకులు కూడి పంచరత్న కీర్తనలను ఏకకంఠముగా పాడుదురు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని ఆ యైదు కీర్తనలును ఆదితాళమే. మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును మన తెలుగు. తమిళదేశమున, తెలుగు మాతృభాష కానివారు కూడ, మన మాటలను కంఠస్థము చేసి పాడు ఆ గోష్ఠిని దూరదర్శనము ప్రసారము చేయుచుండును. ఇంతకాలము దానిని నా గదిలో నేనొక్కడనే కూర్చుండి చూచితిని.

ఆ సంవత్సరము బడినుండి ప్రొజెక్టరు ఎరువు తెచ్చి, రామాలయ మండపములో తెల్లపంచె కట్టితిమి. ఇరువదిముగ్గురు వచ్చిరి. మొదటి కీర్తన జరుగుచున్నంతసేపు అందరు సినిమా చూచినట్లు చూచిరి. రెండవ దానిలో ఎవరో తొడమీద తాళము వేయ మొదలిడిరి. మూడవదానికి పది చేతులు. నాలుగవది జరుగుచుండగా కరెంటు పోయినది. తెర చీకటియైనది. ఒక్క క్షణము నిశ్శబ్దము. అంతలో మా ఊరి దర్జీ, ఏండ్ల తరబడి గోష్ఠిలో రెండవ గొంతుకగా నుండినవాడు, ఆగినచోటనుండి అందుకొనెను. మాటలు సగము తప్పినవి. శ్రుతి యొకచోట నిలువలేదు. నేను తాళములు తెచ్చుకొనలేదు గనుక చప్పట్లతోనే తాళము వేసితిని. కరెంటు వచ్చిన తరువాత కూడ కొంతసేపు తెరవైపు ఎవరును చూడలేదు.

కావున పెద్దలకు నా మనవి. తెరను నిందింపవలదు. మన కాళ్లు పోలేని చోటికి అది మన చెవులను తీసికొనిపోవును. మీ ఊరిలో సినిమాహాలో, బడిగదియో, ఆలయమండపమో ఉండును. మంచి గానసభ ఎచ్చట జరిగినను దానిని అందరు కూడి వినుడు. మొదట తెలిసినవారొకరు ఐదు నిమిషములు, వాయించుచున్నది ఏమి, ఎవరిది యని చెప్పవలెను. విను సమయమున ఫోనులు మూయవలెను. తాళము వేయదగినచోట సిగ్గుపడక వేయవలెను. చివర తెర ఆర్పి, మీకు వచ్చిన కీర్తన యొకటి మీ గొంతులతో పాడి లేవవలెను. ఈ చివరి మాట మరచితిరేని, ఇరువదిమంది ఒకచోట కూర్చున్నను ఎవరి యింట వారున్నట్లే యగును.

మా శనివారములు మరల నడచుచున్నవి. మొదటి వారము ఏడుగురము, ఒక్కొక్కప్పుడు పదునైదుగురము. మద్దెలను వారి కుమారుడు అటకమీదనుండి దింపి, మూత మార్పించి తెచ్చెను. వాయించుట అతనికింకను రాదు, నేర్చుకొనుచున్నాడు. తండ్రి యడిగిన ప్రశ్నకు నేను ఈయవలసిన సమాధానము ఆలస్యముగా కుమారునకిచ్చితిని: "ఈ శనివారమే, నాయనా, దీపము పెట్టువేళకు రమ్ము" అని.